వ్యాసపీఠమెక్కిన స్వీయచరిత్ర

పోయినవాళ్ళ గురించి మంచి తప్ప మాట్లాడకూడదని పెద్దలు చెప్పారు. ఆ పెద్దలకి మా టెక్కలి ఇనస్పెక్టరుగారితో పరిచయం లేదు.

పోయిన వారం ఆయన కాలం చేశాడు. నిండు వయసు, మంచాన పడలేదు, ఒకరి చేత చేయించుకోలేదు. అదృష్టవంతుడు. సంతాపసభ పెట్టారు. ఆయన పుస్తకాన్ని దిద్దినవాణ్ణి కనక నన్ను కూడా వచ్చి రెండు మాటలు చెప్పమని పెద్దకొడుకు అడిగాడు. జ్వరంగా ఉందన్నాను. జ్వరం లేదు, గిరం లేదు. ఆ సభలో వక్తలు ఒకరి తరవాత ఒకరు లేచి, ఆయన చిన్నతనంలో పడ్డ కష్టాలు తలుచుకుని ఉత్తరీయాలతో కళ్ళు తుడుచుకున్నారట. ఆ కష్టాలు ఎప్పుడు పుట్టాయో, ఎక్కడ పుట్టాయో వాళ్ళకి తెలియదు. నాకు తెలుసు. టెక్కలిలో ఆయన వీధి అరుగు మీద, నా ఎదట, ఆయన వక్కపొడి నములుతూ ఉండగా ఒక సాయంకాలం పుట్టాయి.

నౌపడలో ఉప్పు పండించే కొటార్లలో చాలాకాలం పనిచేసి, ఇనస్పెక్టరుగా పింఛను పుచ్చుకుని, టెక్కలిలో ఇల్లు కట్టుకున్నాడు. మనిషి పొట్టి. జరీ అంచు తలపాగా చుట్టి, ఎండాకాలంలో కూడా కోటు వదిలేవాడు కాదు. ఆయన "నేను" అనడం ఒక వేడుక. ముందు కోటు పై బొత్తాం తడుముకునేవాడు. తరవాత గొంతు సవరించుకునేవాడు. అప్పుడు "నేను" అని, ఆ మాట వినేవాళ్ళకి బాగా పట్టేదాకా ఆగి, మిగతాది చెప్పేవాడు. మిగతాది చాలాసార్లు ఆ ఆగడానికి తగినట్టు ఉండేది కాదు. "నేను వంకాయ తినను" అని ముగిసేది.

ఎవరైనా తన ముందు మరో ఊసెత్తితే ఆయనకి ఊపిరాడేది కాదు. మా బడిలో ఒక మాస్టరుకి ఇంట్లో ముగ్గురికీ మశూచి సోకింది. ఆ సంగతి దారిలో నిలబడి మాతో చెబుతున్నాడు పాపం. ఈయన మధ్యలో అందుకుని, నౌపడలో తనకి ఒకసారి కాలి మీద లేచిన సెగగడ్డ సంగతి మొదలుపెట్టాడు. అది పుట్టింది, పెరిగింది, పగిలింది, మానింది. అంతా అయ్యాక జేబులోంచి చిన్న పెన్సిలు తీసి, "ఇది రాసుకున్నానో లేదో" అని తనలో తను అనుకుంటూ వెళ్ళిపోయాడు. మశూచి మాస్టరు ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు.

పింఛను పుచ్చుకున్న ఏడాదికే ఆయన స్వీయచరిత్ర మొదలుపెట్టాడు. ఎక్కడో ఇంగ్లీషులో గొప్పవాళ్ళ జీవితాలు చదివాడు. వాళ్ళంతా తమ కథ తామే రాసుకున్నారు కనక తనూ రాసుకోవాలన్నాడు. గొప్పవాళ్ళయ్యాక రాసుకున్నారన్న సంగతి ఆయన దృష్టికి రాలేదు. రాసిన చిత్తు కాగితాలు మోసుకుని నా దగ్గరికొచ్చి, "పంతులుగారూ, విషయం నాది, భాష మీది" అన్నాడు. నేను బడిలో తెలుగు చెప్పేవాణ్ణి. తప్పు వాక్యం కనిపిస్తే దిద్దకుండా ఉండలేని రోగం నాకుంది. ఆ రోగం కొద్దీ ఒప్పుకున్నాను.

ఆయనకి వాడుకమాట పనికిరాదు. అంతా గ్రంథభాషలో ఉండాలి. "నేను లేచాను" అని రాస్తే మొహం చిట్లించి, ప్రబంధంలో నాయకుడు లేచినట్టు ఉండాలనేవాడు. సరే, అలాగే లేపాను. భాష సంగతి అలా ఉంచితే, ఆ పుస్తకంలో విషయం ఎలా పెరిగేదో చూడడం నాకు కొన్నాళ్ళు వినోదంగానే ఉండేది. మొదటి చిత్తులో, ఒకనాడు కొటారు గట్టు మీద ఎవరో ఒక ముసలాడు ఈయన్ని చూసి ఉప్పు బుట్ట వదిలేసి పారిపోయాడు. రెండో చిత్తులో వాళ్ళు దొంగల గుంపయ్యారు. మూడో చిత్తుకి వాళ్ళ చేతుల్లో బల్లేలు మొలిచాయి. అచ్చుకి వెళ్ళేనాటికి ఈయన గుర్రం మీద ఉన్నాడు. ఆయన జన్మలో గుర్రమెక్కలేదు. ఎక్కితే దిగడానికి మనిషి కావాలి.

అంత పెద్ద పుస్తకంలో భార్యకి దొరికింది ఒక్క వాక్యం. "తదనంతరము నాకు వివాహమైనది." ఆ వాక్యం నేను దిద్దుతున్నప్పుడు ఆవిడ లోపల ఆయనకి కషాయం కాస్తోంది. వాసన వీధి అరుగుదాకా వస్తోంది.

ఇక కష్టాల సంగతి. ఒక సాయంకాలం ఆయన చాలా దిగులుగా కూర్చున్నాడు. ఏమిటని అడిగితే, బాల్యం అధ్యాయం తేలిపోతోందన్నాడు. గొప్పవాళ్ళంతా చిన్నప్పుడు పస్తులున్నారు, వీధి దీపాల కింద చదువుకున్నారు, చిరిగిన బట్టలు కట్టుకున్నారు. తన బాల్యంలో అలాంటిది ఒక్కటీ లేదు.

లేకపోవడం నిజమే. ఆయనది ఉద్దానంలో వజ్రపుకొత్తూరు వైపు, సముద్రం హోరు వినపడే ఒక తోటల ఊరు. కొబ్బరి, పనస, పల్లంలో వరి. తండ్రి చిన్నప్పుడే పోతే అన్న పెంచాడు. అన్న పెంచాడని అందరూ అంటారు గాని, అన్న పొద్దస్తమానం తోటల్లో ఉండేవాడు. పెంచింది వదిన. ఈయన పర్లాకిమిడిలో బంధువులింట ఉండి చదువుకునే రోజుల్లో, ఆ ఇంటికి బరువు కాకూడదని, ఆవిడ ఊరి నుంచి బండి మీద బియ్యం, కొబ్బరికాయలు, పనసపళ్ళు పంపిస్తూ ఉండేది. బండిలో ఒక మూల, గంజి పులియబెట్టిన తరవాణి కుండ కూడా ఉండేదట. ఈ కుర్రాడికి వదిన చేతి తరవాణి తప్ప పడదట. ఇవన్నీ నేను కల్పించినవి కావు. మొదటి చిత్తులో ఆయన చేత్తో ఆయనే రాశాడు. చక్కగా రాశాడు కూడా. ఆ పుస్తకం మొత్తంలో నేను దిద్దక్కర్లేకపోయిన పేజీలు అవే.

"కష్టం లేని చరిత్ర ఉప్పు లేని పప్పు పంతులుగారూ. ఎక్కడో ఓ చోట కష్టం పెట్టాలి" అన్నాడాయన.

లేనిది ఎలా పెడతారని అడిగాను. ఆయన కాసేపు వక్కపొడి నమిలి, మహేంద్రగిరి నుంచి పులి దిగినట్టు రాస్తే ఎలా ఉంటుందన్నాడు. పులి బాగానే ఉంటుంది గాని అది పేదరికం కాదన్నాను. పోనీ బడిలో మాస్టరు కొట్టాడని రాస్తే? అందరినీ కొట్టాడు కదా అన్నాను. ఇంకా కాసేపు నమిలాడు. అప్పుడు ఆయన మొహం వెలిగింది. వదిన తిండి పెట్టలేదని రాద్దామన్నాడు.

నేను నవ్వులాటకి అంటున్నాడనుకున్నాను. ఆయన మాత్రం కోటు బొత్తాం తడుముకుంటున్నాడు. ఆవిడ బతికే ఉంది కదండీ అన్నాను. ఉంటే ఉండనీ, ఆవిడకి చదువు రాదు కదా అన్నాడు. పోనీ అన్న పేరు పెట్టవచ్చు కదా, ఆయన పోయి చాలాకాలమైంది, బాధపడడానికి లేడు అని, ఆ ఆలోచన ఎంత దుర్మార్గంగా ఉందో చూపిద్దామనే అన్నాను. ఆయన నిజంగానే నొచ్చుకున్నాడు.

"ఏటి పంతులుగారూ, అలా అంటారు? అన్న తండ్రితో సమానం. తండ్రి మీద రాస్తామా? ఆవిడంటే పరాయి ఇంటి పిల్ల."

ఎనిమిదో ఏట ఆ గుమ్మం తొక్కి, అరవై ఏళ్ళు ఆ ఇంటి పొయ్యి ఊదిన మనిషి పరాయి ఇంటి పిల్ల. నాకు ఒళ్ళు మండిపోయింది. తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టేవాళ్ళని చూశాను గాని, లెక్కపెట్టి అచ్చు వేయించేవాణ్ణి చూడలేదని మొహం మీదే అన్నాను. ఆ అధ్యాయం నేను ముట్టుకోనని కాగితాలు అరుగు మీద పెట్టేశాను. ఆయనకి కోపం రాలేదు. అసలు ఆయనకి ఎదటివాడి కోపం కూడా తన పుస్తకానికి పనికొచ్చే సరుకులాగే కనిపించేది. ఆ అధ్యాయం తనే దిద్దుకున్నాడు. పురాణాల్లో అడవుల పాలైన రాజకుమారులు ఏడ్చే ఏడుపులన్నీ తెచ్చి తన నోట్లో పెట్టుకున్నాడు. బూజు పట్టిన మెతుకులు, పశువుల సాలలో పడక, గొడ్లకి వేసిన పనసతొక్కలు ఏరుకుని తినడం, గడప అవతల నిలబడి చేతులు చాచడం, గడప ఇవతల వదిన నవ్వడం. చదువుతుంటే రాయి కరగాలి. అబద్ధం రాయడంలో ఆయనకి అంత చేయి ఉందని నాకు అప్పటిదాకా తెలియదు.

పుస్తకం బరంపురంలో అచ్చయి బండి మీద వచ్చింది. ముందుగది నిండిపోయింది. భార్య వడ్లు పోసుకునే చోటు పోయింది. ఇక దాన్ని లోకానికి ఎక్కించాలి. పెద్దమనుషుల అభిప్రాయాలు కావాలన్నాడు. పుస్తకం చదివి అభిప్రాయం రాసేటంత తీరిక ఎవరికుంది? అందుకని అభిప్రాయాలు కూడా ఆయనే రాసి పట్టుకెళ్ళి, కింద సంతకం పెట్టించుకొచ్చేవాడు. వాటిలో ఒకదాన్లో "ఇట్టి గ్రంథము నభూతో నభవిష్యతి" అని ఉంది. సంతకం పెట్టిన ప్లీడరుకి తెలుగు చదవడం రాదు.

పెళ్ళిళ్ళకి వెళ్తే ఆ పుస్తకమే కట్నంగా చదివించేవాడు. పలాస స్టేషనులో ఇంజను నీళ్ళు పట్టుకునేదాకా బండి ఆగుతుంది కదా, ఆ కాస్త వ్యవధిలో పెట్టె పెట్టెకీ వెళ్ళి, కిటికీలో తల పెట్టి ఒక పేజీ చదివేవాడు. ప్రయాణికులు ముంతల్లో నీళ్ళు పట్టుకోవడానికి దిగాలంటే ఆయన్ని తోసుకుని దిగాలి. ఆ స్టేషను మాస్టరు మంచివాడు, ఎవరినీ ఒక మాట అనడు. ఆయన తలపాగా దూరాన కనిపించగానే తపాలా సంచుల గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకునేవాడు. "ఇది నాకోసం కాదు మాస్టరూ, రాబోయే తరాల కోసం" అని ఈయన బయటినుంచి తలుపు కొడుతూ ఉండేవాడు.

ఇంత చేసినా ముందుగది ఖాళీ కాలేదు. అప్పుడు ఆయన బుర్రలో పుట్టింది పురాణం ఆలోచన.

మా వైపు ఊళ్ళలో చదువుకున్నవాళ్ళు తక్కువ గాని వినేవాళ్ళు ఎక్కువ. కోతలు అయి పనులు లేని రోజుల్లో, మధ్యాహ్నం భోజనాలయ్యాక పురాణం చెప్పించుకుంటారు. నేల అలికి ముగ్గు పెట్టి, వ్యాసపీఠం మీద పుస్తకం ఉంచి, పసుపు కుంకాలు, పువ్వులు పెట్టి, దీపం వెలిగించి, కొబ్బరికాయ కొడతారు. ఆ దీపం వెలుగుతున్నంతసేపూ చదివినదానికి ఎవరూ ఎదురు మాట్లాడరు. సందేహముంటే అడుగుతారు గాని, కాదనరు. కాదంటే ఊరికి అరిష్టం. ఇది మా వాళ్ళకి పుట్టుకతో వచ్చిన నమ్మకం. ఈ పెద్దమనిషి తన స్వీయచరిత్రని తీసుకెళ్ళి ఆ పీఠం మీద పెట్టాడు.

చదవడానికి ఒక పురాణం శాస్త్రిగారిని కుదుర్చుకున్నాడు. ఆయన గొంతు కంచు. ఆ గొంతుతో చాకలిపద్దు చదివినా వినేవాళ్ళకి కళ్ళనీళ్ళు వస్తాయి. అలవాటు చొప్పున ఆయన "నేను" అన్నచోటల్లా "ఆ బాలుడు" అని చదివేవాడు. నందిగాం దగ్గర ఒక ఊళ్ళో మొదటిసారి చదివించినప్పుడు నేనూ ఉన్నాను, తమాషా చూద్దామని వెళ్ళాను. అయ్యాక ఒక ముసలి రైతు లేచి దండం పెట్టి, ఆ బాలుడు ఏ యుగంలో వాడని అడిగాడు. ఇనస్పెక్టరుగారు కోటు బొత్తాం తడుముకుని, గొంతు సవరించుకుని, "నేను" అన్నాడు. ఆగాడు. జనం వచ్చి ఆయన కాళ్ళు ముట్టి కళ్ళకద్దుకున్నారు. ఆరోజు ఆయన మొహం చూడాలి. పట్టాభిషేకం నాడు రాముడికి కూడా అంత సంతోషం కలిగి ఉండదు.

ఆ తరవాత రెండు మూడు ఊళ్ళు తిరిగి, ఇక సొంత ఊళ్ళో చదివించాలన్నాడు. అప్పటిదాకా అది తమాషా. సొంత ఊరంటే అక్కడ ఆవిడ ఉంది. ఆవిడకున్నది ఆ ఊళ్ళో ఒక్క మాట. ఆ ఇంటి ముందునుంచి ఆకలితో ఎవరూ వెళ్ళలేదన్న మాట. ముసలితనంలో ఆవిడ దాన్ని కట్టుకుని బతుకుతోంది. ఆయన దగ్గరికి వెళ్ళి, ఆ ఒక్క అధ్యాయం వదిలేసి చదివించండని బతిమాలాను. అది తీసేస్తే పుస్తకంలో ఏముందన్నాడు. ఆ మాట మాత్రం నిజం. శాస్త్రిగారిని పట్టుకున్నాను. ఆయన చెవులు రెండూ ముట్టుకున్నాడు.

"పీఠం మీద పెట్టి దీపం వెలిగించాక ఒక్క అక్షరం దాటకూడదండీ. దాటితే చదివినవాడికి పాపం, విన్నవాళ్ళకి పాపం."

రాసినవాడికి లేదా అని అడిగాను. అది తన శాస్త్రంలో లేదన్నాడు.

చేసేదిలేక నేనూ వాళ్ళ బండిలో ఎక్కాను. ఇసకదారి, రెండువైపులా మొగలి కంచెలు, ఎద్దులకి డెక్కలు దిగబడుతున్నాయి. ఆయన దారిపొడుగునా శాస్త్రిగారికి ఏ వాక్యం దగ్గర గొంతు వణకాలో చెబుతూనే ఉన్నాడు. ఊరి మొదట్లోనే ఆవిడ ఎదురొచ్చింది. సన్నగా, నడుం వంగి, నెత్తిన ముసుగు. కబురు అందినప్పటినుంచీ ఆవిడకి కాళ్ళు నిలవలేదని తరవాత ఎవరో చెప్పారు. తన పెరటి కొబ్బరితోటలో నీడన నేలంతా తనే అలికిందట. ముగ్గు తనే పెట్టింది. పీఠం మీదకి పువ్వులు తనే కోసింది. మాకు వంట తనే చేసింది. ఇనస్పెక్టరుగారు తింటున్నంతసేపూ పక్కన కూర్చుని, పనసపొట్టు కూర ఇంకొంచెం వెయ్యనా అని అడుగుతూనే ఉంది. ఆయన మూడోసారి వేయించుకున్నాడు.

భోజనాలయ్యాక ఆవిడ మెల్లిగా, సిగ్గుపడుతూ, ఆయన్ని అడిగింది.

"నాయినా, అందులో నా ఊసేటైనా ఉన్నాదా?"

"నీకు ఒక అధ్యాయమే ఇచ్చాను వదినా" అన్నాడాయన, చేతులు తుడుచుకుంటూ.

ఆవిడ గుమ్మం దగ్గర నిలబడ్డ ఆడవాళ్ళవైపు తిరిగింది. "ఇన్నారా? నాకు అజ్జాయమట" అంది. ఆ మొహంలో వెలుగు చూసి నేను లేచి పెరట్లోకి వెళ్ళిపోయాను.

ఊరంతా వచ్చి కూర్చున్నారు. ఆవిడని ముందువరసలో కూర్చోబెట్టారు. దీపం వెలిగించారు, కొబ్బరికాయ కొట్టారు, శాస్త్రిగారు ఎత్తుకున్నారు. బూజు పట్టిన మెతుకుల దగ్గరికి వచ్చేసరికి ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. పనసతొక్కల దగ్గర ఒకావిడ ఏడ్చింది. గడప ఇవతల వదిన నవ్వింది అన్నచోట మాత్రం ఆడవాళ్ళు కొంగులు దించేశారు. అందరూ ఆవిడవైపు చూశారు. వెనకనించి ఒక ముసలాయన, "అదేటి, ఆ ఇంట్లో..." అని మొదలుపెట్టాడు. పక్కవాడు మోకాలి మీద చెయ్యి వేసి, పురాణంలో మాట్లాడకూడదు మావా అని ఆపేశాడు. ముసలాయన దీపం వంక చూసి తల దించుకున్నాడు.

ఆవిడ లేచి నిలబడింది. ఇప్పుడు తిడుతుందనుకున్నాను. పీఠం మీది పుస్తకం తీసి ఇసకలో విసిరికొడుతుందనుకున్నాను. దేవుడి సాక్షిగా, అది జరగాలని కోరుకున్నాను.

"బాబూ, ఆ ముక్క ఇంకోపాలి సదవండి" అని శాస్త్రిగారిని అడిగింది.

ఆయన చదివాడు. గొంతు ఎక్కడ వణకాలో అక్కడ వణికింది. ఆవిడ కళ్ళు చిట్లించి, ఎక్కడో చాలా దూరాన ఉన్నదాన్ని చూస్తున్నట్టు నిలబడి, చివరిదాకా విన్నది. తరవాత మరిదివైపు తిరిగింది.

"నాకు గుర్తు నేదు నాయినా. పెట్టినాననే అనుకున్నాను ఇన్నాళ్ళూ. పొద్దు పొడిసిన కాడినించి పనిలోనే ఉండేదాన్ని. ఏ పూటో మరిసిపోనాను కావాల. సిన్న గుంటడివి, ఆకలేత్తంటే అడగొద్దేటి?"

ఆవిడ వంగిన నడుంతోనే ఇంకాస్త వంగి, రెండు చేతులూ జోడించింది.

"దీపం కాడ సదివిన మాట అబద్దమవుద్దేటి. తప్పయిపోనాది. నన్ను మన్నించెయ్యి నాయినా."

ఒక్క మాట. "అబద్ధం వదినా" అన్న ఒక్క మాట చాలు. నేను ఆయనవైపే చూస్తున్నాను. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నటన కాదు, నిజం నీళ్ళు. లేచి నిలబడ్డాడు. కోటు బొత్తాం తడుముకున్నాడు. గొంతు సవరించుకున్నాడు.

"నేను" అన్నాడు. ఆగాడు. "నేను ఎప్పుడో మన్నించేశాను వదినా."

తోటలో మగవాళ్ళు కూడా ఏడ్చారు. ఎంత గొప్ప మనసో అన్నారు. నాకు ఆ మనిషి మీద పుట్టిన అసహ్యం ఈనాటికీ తగ్గలేదు. నోరు తెరిచి, ఇది కల్పన, ఇది నా ఎదటే పుట్టిందని అరిచాను. శాస్త్రిగారు హారతి గంట వాయిస్తున్నాడు. వినపడ్డవాళ్ళు నావైపు జాలిగా చూశారు. ఎవరో నా భుజం పట్టుకుని, ఎండదెబ్బ తగిలినట్టుందని, కొబ్బరినీళ్ళు తెచ్చి ఇచ్చారు. ఇంటికి వెళ్ళి ఆవిడతో నెమ్మదిగా చెబుదామని చూశాను. ఆవిడ నాకే నచ్చజెప్పింది. తన మీద దయకొద్దీ అంటున్నానని, తప్పు చేసినప్పుడు ఒప్పుకోవాలని చెప్పింది. అచ్చులో లేని నా మాట ఎవరికి కావాలి?

తిరుగు ప్రయాణంలో ఆయన ముందు తలపాగా సరిచేసుకున్నాడు. తరవాత, "చూశారా పంతులుగారూ, నిజం ఎన్నాళ్ళు దాచినా దాగదు" అన్నాడు. నేను మొహంలోకి చూశాను. ఎగతాళి లేదు. ఆ మధ్యాహ్నంతో ఆయన కూడా నమ్మేశాడు. దొంగ తను దొంగిలించిన సొమ్ము తాతలనాటిదని నమ్మినట్టు నమ్మేశాడు. వెంటనే జేబులో పెన్సిలు తీసి, రెండో కూర్పులో ఈ క్షమాపణ ఘట్టం చేర్చాలని, దానికి నా భాష కావాలని అడిగాడు. బండి ఆపించి దిగిపోయాను. కాశీబుగ్గ దాకా ఇసకలో నడిచి వచ్చాను. మళ్ళీ ఆయన గడప తొక్కలేదు. రెండో కూర్పు వచ్చింది, ఘట్టం చేరింది. అది మొదటిదానికన్నా బాగా అమ్ముడుపోయిందని విన్నాను.

కొన్నాళ్ళకి, మా బడిలో చదివిన ఒక కుర్రాడి పెళ్ళికి అదే ఊరు వెళ్ళవలసి వచ్చింది. పెళ్ళివారి విడిది ఆవిడ ఇంటి పక్కనే. పొద్దున్నే పెరటి కంచె మీదుగా ఆవిడ కనిపించింది. ఇంకా చిక్కిపోయింది. మునిమనవరాలిని అరుగు మీద కూర్చోబెట్టి, కంచంలో చద్దన్నం పెట్టి, తరవాణి పోసి, ఉల్లిపాయ నంజు పెట్టింది. ఆ పిల్ల చెయ్యి కంచంలో పెట్టబోయింది. ఆవిడ ఆ చెయ్యి గట్టిగా పట్టుకుని ఆపేసి, కంచెవైపు తిరిగి, ఇవతల నా దగ్గరలో ఉన్న పొరుగావిడని పిలిచింది.

"ఓలప్పా, ఓపాలి ఇలగొచ్చి సూడు. ఈ గుంటకి అన్నం పెట్టినాను. రేపొద్దున ఎవులైనా అడిగితే నువ్వు సెప్పాల."

పొరుగావిడ ఊడుస్తున్న చీపురు ఆపకుండానే, చూశానులే అప్పా అంది. రోజూ రెండు పూటలా ఇదే వరస అని నాతో మెల్లిగా అంది. ముసలావిడకి ఆ మాట చాలలేదు. దగ్గరికొచ్చి చూడమంది. పొరుగావిడ చీపురు పక్కన పెట్టి, చేతులు కడుక్కుని, కంచె చుట్టూ తిరిగి వచ్చి, కంచంలోకి వంగి చూసేదాకా, ఆకలితో ఏడుస్తున్న ఆ పిల్ల చెయ్యి వదల్లేదు.